మిట్ట మధ్యాహ్నపు ఫరియాద్

కౌబాయ్ సినిమా పాట అనగానే మనకు గుర్రాలు, బందూకులు, ఈలలు యాదికొస్తాయి. కానీ ఆ సినిమాల పాటల రివాజునే మార్చేసిన పాటలో బహాదురీ కబుర్లు తక్కువ. ఒక మనిషి తన పెళ్లాన్ని విడిచిపోవద్దని బతిమాలుకునే ఫరియాద్ అది. 1952లో వచ్చిన 'హై నూన్' పాట.

కిస్సా చిన్నది. ఊరి మార్షల్ విల్ కేన్‌కు ఆరోజే షాదీ. ఉద్యోగం వదిలి దుల్హన్‌తో బయలుదేరాడు. అంతలో ఖబర్: తను పట్టిచ్చిన ఖూనీ విడుదలై పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడు. కేన్ వెనక్కి తిరిగాడు. ఖూన్ ఖరాబా దుల్హన్ మజ్‌హబ్‌కు పడదు. నువ్వాగితే నేను అదే రైలెక్కి పోతానంది. ఒకవైపు ఫర్జ్, ఒకవైపు మొహబ్బత్. ఈ కష్మకషే పాట.

ఆ జమానాలో సినిమా పేర్లు పడుతుంటే పెద్ద ఆర్కెస్ట్రా మోగేది. ఇక్కడ టెక్స్ రిటర్ గొంతు, గిటార్, అకార్డియన్, వెనక గుర్రపు నడకలాంటి డోలు. అంతే. తర్వాత సినిమా పొడుగునా అదే ధున్ తిరిగి తిరిగి వస్తుంది. వచ్చినప్పుడల్లా గడియారం ముల్లు ఇంకాస్త జరిగి ఉంటుంది.

ధున్ కట్టిన దిమిత్రి త్యోమ్‌కిన్ కౌబాయ్‌ల దేశంవాడు కాడు. పుట్టింది ఇప్పటి ఉక్రెయిన్‌లో. జవానీలో పెట్రోగ్రాడ్‌లో మూగ సినిమాలకు పియానో వాయించాడు. డైరెక్టర్ ఫ్రెడ్ జిన్నెమన్ వియన్నాలో పెరిగిన యూదుడు. అమ్మానాన్నలను నాజీలు బలిగొన్నారు. ఇక కథ రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను 1951లో అమెరికా పార్లమెంటు కమిటీ పిలిచింది. కమ్యూనిస్టు దోస్తుల పేర్లు చెప్పమంది. చెప్పలేదు. హాలీవుడ్ తలుపులు మూసుకున్నాయి, ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. సినిమాలో ఓ దోస్తు తలుపు వెనక దాక్కుని, ఇంట్లో లేడని బీబీతో చెప్పిస్తాడు. ఆ సీను ఫోర్‌మన్ ఊహల్లోంచే రాలేదని నా అనుమానం.

1953లో ఈ పాటకూ సంగీతానికీ కలిపి త్యోమ్‌కిన్ రెండు ఆస్కార్‌లు అందుకున్నాడు. ఫ్రాంకీ లేన్ పాడిన రికార్డు కూడా బాగా అమ్ముడైంది. తర్వాతి కౌబాయ్ సినిమాలకు పాటతో మొదలవడం ఫ్యాషనైంది.

1989 జూన్‌లో పోలండ్ ఎన్నికలప్పుడు సాలిడారిటీ వాళ్లు ఇదే కేన్ బొమ్మతో పోస్టర్ వేశారు. గ్యారీ కూపర్ చేతిలో బందూక్ బదులు ఓటు కాగితం. కింద సినిమా పేరు.

డెబ్బై ఏళ్లు దాటినా ఈ పాట పాతబడనిది ఎందుకంటే, అది ఖౌఫ్ లేనివాడి పాట కాదు. భయపడుతూనే నిలబడ్డవాడి పాట. ఆఖరికి దుల్హన్ రైలు దిగి పరుగున వచ్చింది. ఊరు మాత్రం అంతా అయ్యాకే తలుపులు తీసింది.

పన్నెండు గంటల రైలు ప్రతి మొహల్లాకూ ఏదో ఒకరోజు వస్తుంది. ఆరోజు కేన్ మన తలుపు తడితే, ఇంట్లో ఉండీ లేమని చెప్పిస్తామా?