ఒకరు విడిచిన కోటు

మా ఆవిడ ఆ కోటును గుమ్మం దాటనివ్వలేదు. "ఎవరు తొడిగి విడిచిందో, పోయినవాళ్ళదేమో!" అంది. మన ఇళ్ళలో పాత బట్టలు స్టీలు సామాన్లవాళ్ళకు వెళ్ళేవే గాని, తిరిగి వచ్చేవి కావు కదా! మా కన్సల్టెంటు గారు కూడా ఆక్స్‌ఫామ్ దుకాణంలోనే కొంటారన్నా వినలేదు.

ఆ దుకాణం ఆకలిలోంచి పుట్టింది. 1942లో గ్రీసు జర్మనీ వగైరా దేశాల ఆక్రమణలో ఉంది. మిత్రరాజ్యాలు సముద్రాన్ని దిగ్బంధించడంతో గింజలు లోపలికి పోక జనం మాడిపోయారు. శత్రువు చేతిలో ఉన్న దేశానికి తిండి పంపనివ్వండని బ్రిటన్‌లో అడగడానికి అప్పట్లో ధైర్యమే కావాలి. ఆ యేడు అక్టోబరు 5న ఆక్స్‌ఫర్డులోని సెయింట్ మేరీ చర్చిలో కొద్దిమంది కూడి ఆ పనికే ఒక సంఘం పెట్టారు. గ్రీకు పండితుడు గిల్బర్ట్ మర్రే వారిలో ఒకరు. యుద్ధం ముగిశాక, 1947లో, బ్రాడ్ స్ట్రీటులో దుకాణానికి చోటు తీసుకున్నారు. 1949లో చేరిన జో మిట్టీ ఎవరేమిచ్చినా అమ్మిపెట్టేవాడు. ఒకసారి గాడిదను కూడా అమ్మాడట!

1951లో బిహారు కరువుకు ఈ సంఘం సాయం పంపింది. "అంటే ఇలాంటి కోట్ల డబ్బులు మనవాళ్ళకూ చేరాయన్నమాట" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కోటును రెండుసార్లు ఉతికి, ఊడిన గుండీకి సూదీ దారం తెచ్చుకుని కూర్చుంది.