కత్తిపీట నుంచి చాకు దాకా, వయా కోనసముద్రం

దసరా వస్తోందంటే ఆదివారం అనుబంధంలో ఆయుధ పూజ మీద ఒక వ్యాసం ఉండి తీరాలి. జమ్మిచెట్టు, గాండీవం, రాజుల ఖడ్గాలు ప్రతి ఏడూ వచ్చేవే. ఈసారి కొత్తగా ఏదైనా రాయండి, శుక్రవారంలోగా అందాలి అన్నారు ఎడిటర్ గారు. ఆలోచిస్తే, మహర్నవమి నాడు మన ఇళ్లలో పసుపు కుంకుమలు అందుకునేవి కత్తిపీట, కొడవలి, గునపం, ఈ మధ్య స్కూటరు. ఖడ్గం ఉన్న ఇల్లు నాకు ఒక్కటీ తెలీదు. ఏడాది పొడవునా మనం ఝళిపించే ఆయుధం వంటింట్లోనే ఉంది. దాని చరిత్ర రాస్తే పండగ ఆఫర్లలో కత్తుల సెట్టు కొనబోయేవాళ్లకూ కాస్త పనికొస్తుందనిపించింది.

మొదటి రెండు మూడు వేల ఏళ్లు త్వరగా దాటేద్దాం. తెలంగాణ పల్లెల శివార్లలో జనం రాకాసి గుళ్లని పిలుచుకునే పెద్ద రాతి సమాధులు ఉన్నాయి. పురావస్తు శాఖవాళ్లు వాటిని తవ్వితే కుండలతో పాటు ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బాణపు ములుకులు బయటపడ్డాయి. పోయినవాళ్లకు కూడా కత్తి ఇచ్చి పంపారన్నమాట. ఆ తర్వాత శాతవాహనులు, ఇక్ష్వాకులు, చాళుక్యులు, కాకతీయులు, రెడ్డిరాజులు, రాయలు వరసగా వచ్చి వెళ్లారు. శాసనాల నిండా భూదానాలు, గోదానాలు, అఖండ దీపాలకు నెయ్యి లెక్కలు. వంకాయ దేంతో తరిగారన్న సంగతి వాటిలో వెతక్కూడదు. శాసనాలు వేయించినవాళ్లెవరూ కూరలు తరిగినవాళ్లు కారు.

కాబట్టి కత్తిపీట ఏ శతాబ్దంలో పుట్టిందో వదిలేసి, అది పనిచేసే తీరు చూద్దాం. కొన్ని సీమల్లో ఈలపీట అంటారు. బెంగాలీలకు బోటి, మరాఠీలకు విళీ, తమిళులకు అరువామణై. అన్నిటిదీ ఒకటే సూత్రం: కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటను కాలితో అదిమిపట్టి కూర్చుంటే రెండు చేతులూ ఖాళీ. ఆనపకాయను రెండు చేతులతో పట్టుకుని వాదరకేసి తోస్తే చాలు, గిన్నెలో ముక్కలు పడతాయి. కొసన పళ్ల చక్రం ఉంటే కొబ్బరి కోరుకోవచ్చు. చేపల బజారులో ఇప్పటికీ పెద్ద కత్తిపీటదే రాజ్యం. నాలుగు కిలోల బొచ్చె అయినా జారకుండా ముక్కలవుతుంది, ఎందుకంటే పట్టు మొత్తం చేప మీదే ఉంటుంది, కత్తి మీద పెట్టక్కర్లేదు.

ఆ వాదరకు కావలసిన ఉక్కు దగ్గరికి వచ్చేసరికి చరిత్ర ఒక్కసారిగా మాటకారి అవుతుంది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, ఈ రాజ్యపు ఉక్కు పర్షియా వెళుతుందనీ, అలల్లాంటి చారలు తేలే కత్తులు దానితోనే అవుతాయనీ రాశాడు. వజ్రాలు కొనడానికి వచ్చినవాడు ఉక్కు గురించి రాశాడంటే అది మామూలు సరుకు అయివుండదు.

ఆ సరుకు తయారయ్యే చోటును దగ్గరగా చూసినవాడు హెన్రీ వాయిసీ. దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తున్న లాంబ్టన్ సర్వే బృందంలో ఆయన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త కూడా. 1820 ప్రాంతంలో ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వెళ్లాడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఆ కాగితాల్లో కోనసముద్రం కమ్మరులు పనిచేస్తూ కనిపిస్తారు. రెండు వేర్వేరు ఊళ్ల ఇనుము తెచ్చి, ఒకటి మూడు పాళ్లు, ఇంకొకటి రెండు పాళ్లు తూకం వేస్తారు. మట్టి మూసలో పెట్టి కొలిమికి ఎక్కిస్తారు. తిత్తులు ఆగకుండా ఒక పగలూ ఒక రాత్రీ ఊదుతాయి. చల్లారాక మూస పగలగొడితే అడుగున ఒక గుండ్రటి ఉక్కు బిళ్ల. దాన్ని వెంటనే సుత్తితో కొడితే పెంకులా పగిలిపోతుంది. అందుకని మట్టి పూసి మళ్లీ గంటల తరబడి వేడిచేసి, నెమ్మదిగా చల్లార్చి, దారికొచ్చేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేస్తారు. ఇనుములోకి ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఎక్కించే ఈ పని ఉష్ణమాపకాలు లేకుండా, మంట రంగు చూసి చేసినది. మైసూరు వైపు కొలుముల్లోనైతే కార్బన్ కోసం మూసలో తంగేడు పుల్లలు వేసేవారు. ఈ నెలలో బతుకమ్మల మీద పేర్చే ఆ తంగేడే.

వాయిసీకి అక్కడ ఇంకొక మనిషి తగిలాడు. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడు హాజీ హుసేన్. ఆయన కొలిమి దగ్గరే ఉండి, పాళ్లు దగ్గరుండి తూయించి, ఒక్కో బిళ్లనూ తానే పరీక్ష చేసుకుని తీసుకునేవాడు. నాకు ఈ కథలో అందరికన్నా ఇష్టుడు ఈయనే. ఎడారులూ సముద్రాలూ దాటి ఒక పల్లెటూరికి వచ్చి, కమ్మరితో బేరమాడుతూ, ప్రతి బిళ్లనూ తిప్పి తిప్పి చూసే గిరాకీ. ఆ కమ్మరులు ఆయన్ను ఎంత తిట్టుకున్నారో వాయిసీ రాయలేదు గానీ ఊహించుకోవచ్చు.

వాయిసీ కోనసముద్రం వెళ్లకముందే మన దక్షిణాది ఉక్కు లండన్‌లో ఒక కత్తుల దుకాణానికీ చేరింది. హెలెనస్ స్కాట్ అనే డాక్టరు బొంబాయి నుంచి కొన్ని దిమ్మలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. వాటిని పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో పరిశోధన పత్రం సమర్పించాడు. వూట్జ్ అన్న పేరుతో మన ఉక్కు ఇంగ్లిషు శాస్త్ర గ్రంథాలకెక్కింది. స్ట్రాండ్ వీధిలో శస్త్రచికిత్స పనిముట్లు, క్షవరపు కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో ఒక చిన్న చాకు చేసి చూశాడు. చూసి ముచ్చటపడి, ఐరోపాలోని మేలైన ఉక్కు కన్నా తాను ఈ భారతీయ ఉక్కునే ఇష్టపడతానని దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. బ్రాండ్ అంబాసిడర్‌కు డబ్బులివ్వకుండా ఇంత ప్రచారం మన ఉక్కుకు ఆ తర్వాత దొరకలేదు.

స్టోడార్ట్‌తో జతకలిసిన కుర్రవాడు మైకేల్ ఫారడే. తర్వాత విద్యుత్తుతో లోకాన్ని మార్చిన ఆ ఫారడేనే. కమ్మరి కొడుకు కాబట్టి కొలిమి అతనికి కొత్త కాదు. 1819లో మన ఉక్కును విశ్లేషించి, దాని గొప్పతనమంతా అందులోని అల్యూమినా, సిలికాల వల్లేనని తేల్చాడు. అది తప్పు. అసలు రహస్యం కార్బన్. అయితే ఆ తప్పు మంచి దారి చూపింది. ఇనుములో ఏదో ఒకటి కలిపితే మేలైన ఉక్కు వస్తుందన్న ఆశతో ఫారడే, స్టోడార్ట్ కలిసి వెండి, ప్లాటినం, రోడియం, చివరికి క్రోమియం దాకా కలిపి చూశారు. ఆ ఉక్కుల్లో కొన్నిటితో చేసిన క్షవరపు కత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. 1821లో పారిస్‌లో పియర్ బెర్తియే, క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు లొంగదని గమనించి, కత్తులకు పనికొస్తుందేమోనని సూచన కూడా చేశాడు. 1823లో స్టోడార్ట్ పోయాడు, ఫారడే అయస్కాంతాల వైపు మళ్లాడు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు టన్నుల లెక్కన కారుచౌక అయింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కోనసముద్రం లాంటి ఊళ్లలో కొలుములు చల్లారిపోయాయి.

బెర్తియే ఊహ నిజం కావడానికి 90 ఏళ్లకు పైగా పట్టింది. షెఫీల్డ్‌లో మూసల కొలిమి దగ్గర పనిచేసిన ఒక కార్మికుడి కొడుకు హ్యారీ బ్రెర్లీ, తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 1913 ఆగస్టు 13న 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కును పోత పోశాడు. అది ఆమ్లం పోసినా చెక్కుచెదరలేదు. తుపాకుల సంగతి పక్కన పెట్టి దీంతో భోజనాల బల్ల కత్తులు చేయండని ఆయన మొరపెట్టుకుంటే, ఊళ్లో కత్తుల తయారీదారులు పాత అలవాటు కొద్దీ పదును పెట్టబోయి విఫలమై, తెగని కత్తులు కనిపెట్టిన మహానుభావుడని ఆటపట్టించారు. చివరికి ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల కర్మాగారం మేనేజరు వెనిగర్‌లో ముంచి చూసి, మరక పడని ఉక్కు అని పేరు పెట్టాడు. అలా స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టింది.

ఇక్కడి దాకా కథ బుద్ధిమంతుడిలా నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత మన వంటిళ్ల దగ్గరికి వచ్చేసరికి వరస తప్పింది. కత్తిపీట పోయింది స్టీలు వచ్చినందుకు అనుకుంటాం. అసలు కారణం వంటిల్లు లేచి నిలబడటం. 1965లో ఇండేన్ గ్యాసు మొదలైంది, తర్వాత పొయ్యి గట్టెక్కింది, దాంతో వండేవాళ్లూ నిలబడ్డారు. నిలబడి తరగాలంటే కదిలే కత్తి కావాలి, దాని కింద చెక్క కావాలి. కొంతమంది రాజీపడలేక కత్తిపీటకు బిగింపు పెట్టించి గట్టుకే తగిలించారు. అమెరికా వెళ్లే పిల్లలు దాన్ని చెకిన్ సామానులో చీరల మధ్య చుట్టి తీసుకెళ్లారు. ఇంతలో మిక్సీ, తాడు లాగే ప్లాస్టిక్ చాపర్, తరిగి పొట్లం కట్టిన కూరగాయలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. గోదావరి జిల్లాల బజార్లలో మాత్రం పనసపొట్టు కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేత పనసకాయ మీద తొక్క చెక్కేసి, బరువైన కత్తితో టకటకా కొడుతుంటే పొట్టు రవ్వలా రాలుతుంది.

అన్నిటికన్నా పెద్ద విచిత్రం ఆన్‌లైన్ దుకాణాల్లో ఉంది. డమాస్కస్ కత్తి అని అలల గీతలతో ఒకటి అమ్ముతున్నారు. చాలా చౌకవాటి మీద ఆ గీతలు లేజరుతో వేసినవి, నాలుగు సార్లు తోమితే వెలిసిపోతాయి. ఒకప్పుడు ఇక్కడి బిళ్లల్లో సహజంగా పుట్టి పర్షియా కత్తుల మీద తేలిన ఆ గీతలను మనమే బొమ్మగా కొనుక్కుంటున్నాం.

ఇక కొనేవాళ్ల సంగతి. కత్తి కొనబోతే జేబులో ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి వేసుకెళ్లండి. చెంచాలు, గిన్నెలు చేసే 18/8 స్టీలు తుప్పు పట్టదు గానీ వేడిచేసి దాన్ని గట్టిపరచలేం, పదును నిలవదు. దానికి అయస్కాంతం సరిగా అంటుకోదు. కత్తికి అంటుకోకపోతే అక్కడే పెట్టేయండి. అంటుకుంటే మొదటి పరీక్షే అయినట్టు. తర్వాత పిడి చూడండి. ఉక్కు రేకు పిడి చివరి దాకా వెళ్లి రివెట్లతో బిగిసి ఉంటే గుమ్మడికాయ కోసినా ఊడదు. జర్మన్ తరహా కత్తుల్లో అర శాతం కార్బన్, 15 శాతం దాకా క్రోమియం ఉంటాయి. రాక్‌వెల్ కొలతలో గట్టితనం 55 నుంచి 58. మొరటుగా వాడినా ఓర్చుకుంటాయి, త్వరగా మొద్దుబారినా ఇట్టే పదునెక్కుతాయి. జపాన్ తరహావి 60 దాటుతాయి, సన్నగా తెగుతాయి, కానీ మామిడి టెంక మీదో మటన్ ఎముక మీదో వేస్తే వాదర పెచ్చులూడుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టే పని అందుకు తగ్గ పెద్ద కత్తి ఉన్నవాళ్లకే వదిలేయండి. లారీ కమాను పట్టీతో మన కమ్మరి చేసిచ్చే ఇనుప కత్తి ఈ రెండిటికీ తీసిపోదు. వాడగానే తుడిచి, కాస్త నూనె రాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. వంకాయ ముక్కలు నల్లబడితే దాని తప్పు కొంతే, వాటిని వెంటనే ఉప్పునీళ్లలో వేయని మనది కొంత.

పద్నాలుగు కత్తుల సెట్టు ఏ ఇంటికీ అక్కర్లేదు. ఎనిమిది అంగుళాలది ఒకటి, చేతిలో ఇమిడే చాకు ఒకటి చాలు. బ్రెడ్డు ఎక్కువ తినేవాళ్లు పళ్ల కత్తి ఒకటి చేర్చుకోవచ్చు. గాజు పలక మీద, గ్రానైట్ గట్టు మీద తరగొద్దు, ఎంత మంచి వాదర అయినా వారంలో చస్తుంది. సైకిలు మీద సాన చక్రం తిప్పుకుంటూ వచ్చే మనిషి మీ వీధికి ఇంకా వస్తుంటే అదృష్టం. రాకపోతే మిగిల్చిన డబ్బుతో ఒక సానరాయి కొని, నూరడం నేర్చుకోండి. దుకాణంలో ప్లాస్టిక్ పెట్టె తెరవనివ్వకపోతే కొనకండి. తెరిచి, పట్టుకుని, బరువు చూసి, టమాటా మీద పెట్టి లాగి చూశాకే డబ్బులివ్వండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీయండి, హాజీ హుసేన్ అయితే అంతకన్నా సతాయించేవాడు.