తగినంత అంటే ఎంత?

సంఘంల పది రూపాయలు పొదుపు కట్టినా రాసిపెట్టుడు మనకు అలవాటే. 1982ల డ్వాక్రా వచ్చిన కాన్నుంచి సంఘం అంటే ముందు పుస్తకమే. కానీ మన అమ్మమ్మలు, నాయనమ్మలు చేసిన వంటలు ఏ పుస్తకంల ఎక్కలేదు. ఈ ఏడు సభ్యులందరి వంటలు ఒక్కకాడ రాద్దామని కూసున్నం. మొదటి రోజే ఒక మాట అడ్డం పడ్డది: 'తగినంత'. ఉప్పు తగినంత, బెల్లం తగినంత. మరి ఎంత?

పాతోళ్లకు ఆ మాట వెనుక లెక్క ఉండేది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. సకినాలకు మానెడు బియ్యం నానబోస్తే అరసోలెడు నువ్వులు అని ఒకామె గుక్కతిప్పుకోకుండా చెప్పింది. 1956ల తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1962 నాటికి బజార్ల కిలోలు, లీటర్లే లెక్క అయినయి. ఇంట్ల సోలగిన్నె మాత్రం ఇంకా చానా ఏండ్లు నడిచింది. ఆ గిన్నె పాతసామాన్లోనికి పోయిన నాడు దానితోటే లెక్క గూడ పోయింది.

అట్లని మనోళ్లకు వంటల పుస్తకమే లేదనుకోవద్దు. బతుకమ్మ తొమ్మిది రోజులు ఒకసారి తలుచుకోండి. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు వరుసగా వస్తయి. ఆరోనాడు అమ్మ అలిగిందని నైవేద్యమే ఉండదు. తర్వాత వేపకాయల తీరు పిండివంట, వెన్నముద్దలు, ఆఖరుకు సద్దులు. చదువు రాని ఆడవాళ్లు ఏటేటా మరవకుండా దాచుకున్న వరుస ఇది. పండుగే వాళ్ల పేజీ.

అచ్చు పుస్తకాలు లేవా అంటే ఉన్నయి. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆమె 1952 నుంచి ఆంధ్రప్రభ వారపత్రికల 'ప్రమదావనం' శీర్షిక నడిపిన రచయిత్రి. ఎందరో కొత్త కోడళ్లకు ఆ పుస్తకమే అత్తగారు. అయితే 1961 జనాభా లెక్కలల్ల మన రాష్ట్రంల ఆడవాళ్లు నూటికి సుమారు 12 మందికే చదువు వచ్చు. మిగిలినోళ్ల వంట నోటిమీదనే నడిచింది.

ఇక మన బాచుపల్లి సంగతి. 2016ల మండలమైంది, 2019ల నిజాంపేట కార్పొరేషన్ల కలిసింది. చేన్ల జాగల అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు లేచినయి. మనల చానామంది ఆ ఇండ్లల్ల, ఆ వంటశాలల్ల వేరేవాళ్ల రుచికి వండుతున్నం. పాలమూరు నుంచి వచ్చినోళ్లు, శ్రీకాకుళం నుంచి వచ్చినోళ్లు ఒకే సంఘంల ఉన్నరు. అందుకని పేర్లను బట్టి పెడదామంటే కుదరలేదు. ఒకరి సర్వపిండి ఇంకొకరికి గిన్నప్ప, ఒకరి గరిజెలు ఇంకొకరికి కజ్జికాయలు. అక్షరాల వరుస ఎవరి పేరుతోటి పెట్టాలె? కొంచెం లొల్లి గూడ అయింది, దాచుడెందుకు! చివరకు పెద్దోళ్ల దారే పట్టినం. పండుగ, కాలం బట్టి వరుస. వంట కింద అన్ని పేర్లు. పక్కన చెప్పినామె పేరు, ఆమె ఊరు.

కొలతకు మాత్రం ఇండ్లకే పోయినం. రాయమంటే చెప్పలేని పెద్దమ్మలు చేయమంటే చేసి చూపించిన్రు. పిడికిట్ల తీసిన పిండిని గిన్నెల పడకముందే తూకం వేసినం. "ఉప్పుకు గూడ కాంటానా బిడ్డా" అని నవ్విన్రు. తడిపిండి ఎంత మెత్తగుండాలె, సకినం చుట్టంగ ఎందుకు తెగుతది అన్నవి తూకానికి రావు. వాటిని వాళ్ల మాటల్లోనే రాసుకున్నం.

నిరుడు సద్దుల బతుకమ్మకు అందరికి మలీద ముద్దలు పంచిన పెద్దమ్మ, మేం కాంటా పట్టుకొని పోయేలోపే కాలం చేసింది. ఆమె కోడలు గుర్తున్నకాడికి చెప్పింది. ఆ పేజీల రొట్టెల లెక్క ఉంది, నెయ్యి లెక్క ఉంది. బెల్లం కాడ 'తగినంత' అనే ఉంచినం.