బేగంపేటలో దొరికింది ఒక్క మెట్టే

ఆగస్టు 20, ప్రపంచ దోమల దినం. ఏటా ఆ రోజు మనం చదివే వాక్యం ఒకటుంది: మలేరియాకు దోమే కారణమని బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టాడని. దోమ మలేరియాకు కారణం కాదు, మోసుకొచ్చేది మాత్రమే. పైగా దోమకాటుతో జ్వరం వస్తుందని రాస్ ఆనాడు రుజువు చేయనూ లేదు. ఈ మాటంటే నగరాభిమానులు నొచ్చుకోవచ్చు గానీ, అసలు కథ ఇంతకన్నా రుచిగా ఉంటుంది.

గౌడవెల్లి, మేడ్చల్ చుట్టుపక్కల మెడికల్ కాలేజీల్లో రెండో ఏడాది పిల్లలు పాథాలజీ పుస్తకం తెరవగానే చదివేది ఇలాంటి తేడా గురించే. జబ్బుకు మూలమేదో చెప్పేది ఇటియాలజీ. ఆ మూలం ఒంట్లోకి చేరాక మెట్టు మెట్టుగా ఏం చేస్తుందో చెప్పేది పాథోజెనెసిస్. దానివల్ల కణాలు, అవయవాలు ఎలా మారాయన్నది ఆ తర్వాత. రోగి పడే బాధ, డాక్టరు చేతికి తగిలే గుర్తులు చివరికి. ఆయుర్వేదం కూడా నిదానాన్నీ సంప్రాప్తినీ వేరుగానే చూసింది. రోజు విడిచి రోజు వచ్చే జ్వరాన్ని తృతీయకమనీ, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకమనీ లెక్కకట్టింది. అలా ఎందుకొస్తుందో మాత్రం పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి నెత్తుట్లో పరాన్నజీవిని చూశాడు. మూలం తేలింది. కొన్నేళ్లకే ఇటలీలో గోల్జీ లెక్క కుదిర్చాడు: ఎర్రకణాల్లో పెరిగిన పరాన్నజీవులు ఒక్కసారిగా వాటిని పగలగొట్టుకుని బయటపడే వేళకే చలి, వణుకు మొదలవుతాయి. రోగి కడుపులో ఎడమవైపు ‘బల్ల’ పెరిగిందని ఊళ్లలో అనేవారే, అది ఈ పగిలిన కణాల చెత్తను మింగలేక ఉబ్బిన ప్లీహం. ఇంత తెలిసినా జబ్బు వ్యాపించకుండా ఆపే దారి దొరకలేదు. పరాన్నజీవి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా వెళుతోందో తెలియదు మరి.

1894లో లండన్‌లో వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ రాస్‌కు ఆ పరాన్నజీవిని చూపించి, దోమ మీద కన్నేయమన్నాడు. రాస్ సికింద్రాబాద్ వచ్చాడు. మధ్యలో బదిలీలయ్యాయి, తనకే మలేరియా వచ్చింది. 1897 వేసవిలో మళ్లీ సికింద్రాబాద్‌కే, అక్కడి బేగంపేటకు చేరాడు. ఉక్కపోతలో పంకా కూడా వేసుకోలేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించుకోమని ఒప్పించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. మన నగరం రాస్ పేరుతో ఆసుపత్రి పెట్టుకుంది. హుసేన్ ఖాన్‌కూ ఓ గోడ మీద చోటిచ్చి ఉంటే బాగుండేది.

అంతవరకు రాస్ కోసింది ఎక్కువగా వేరే జాతుల దోమల్నే. ఈసారి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు దొరికాయి. ఆగస్టు 16న అవి ఖాన్ రక్తం తాగాయి. 20న ఒకదాన్ని కోస్తే పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా రోగి నెత్తుట్లో పరాన్నజీవి లోపల కనిపించే రేణువులూ అవే. మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. నా దృష్టిలో 20 కన్నా ఈ 21వ తేదీయే గొప్పది. కనిపించడం వేరు, పెరగడం వేరు. పెరిగిందంటే దోమలో అది బతుకుతోందన్నమాట.

బేగంపేటలో తేలింది అంతవరకే. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వ్యాసం వచ్చేనాటికి రాస్‌ను రాజపుతానాకు బదిలీ చేసేశారు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో ఇంకో పక్షికి పోతుందని చూపాడు. మనుషుల విషయం ఆ ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. 1902 నోబెల్ రాస్‌కే దక్కడంతో గ్రాసీతో పోట్లాట ముదిరింది. పరాన్నజీవి ఆడ, మగ రూపాలు కలిసేది దోమలో కాబట్టి శాస్త్రం లెక్కలో ప్రధాన ఆతిథేయి దోమే. మనిషిది మధ్యలో మజిలీ మాత్రమే!

ఇంకో మెట్టు మిగిలింది. కాటు పడ్డాక జ్వరం రావడానికి వారం పైనే పడుతుంది. దీన్ని పొదిగే కాలమన్నారు. ఆ పొదిగే రోజుల్లో పరాన్నజీవి నెత్తుట్లో కనిపించదు. మరి ఎక్కడ ఉంటోంది? కాలేయంలో ఉంటోందని 1948లో షార్ట్, గార్న్‌హామ్ చూపించారు. ఈ షార్ట్ మనకు కొత్తవాడు కాదు, 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను బయటపెట్టినవాళ్లలో ఒకడు. ఆ జబ్బుకు దోమా లేదు, పురుగూ లేదు. బావినీళ్లలోని ఫ్లోరైడే ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంది.

మళ్లీ మలేరియాకు వస్తే, దోమ లాలాజలం నుంచి కాలేయానికి చేరేదాకా పరాన్నజీవి తొడుక్కునే రూపం పేరు స్పోరోజాయిట్. దాని పైపొరలోని ప్రొటీన్ ముక్కతో చేసిందే ఆర్‌టీఎస్, ఎస్ టీకా. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లలకు దాన్ని సిఫారసు చేసింది. దాని తయారీ పరిజ్ఞానాన్ని అందుకునే ఒప్పందం అదే ఏడాది జనవరిలో కుదుర్చుకున్నది భారత్ బయోటెక్. ఆ కంపెనీ ఉన్నది శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీలో.