కాలేయమునకు పోవు గొట్టము

వాడినుండి సికిందరాబాదునకు రైలు 1874 లో నడచినది. తాండూరు, వికారాబాదు ఆ మార్గమున నున్నవే. నేడు కాలేయమున రాచపుండు పుట్టినవారు ఆ దారినే హైదరాబాదు చేరి, గజ్జచెంత నొక చిన్న గాటుతో చికిత్స పొంది, కొలదిదినములలో నింటికి మరలుచున్నారు. ఇల్లు చేరినపిదప జ్వరము తగులును. ఆ జ్వరము వెనుకటి కథయే నేటి ప్రసంగము.

1929 లో వెర్నర్ ఫోర్స్‌మన్ అను జర్మను వైద్యుడు తన మోచేతి సిరలో గొట్టము దూర్చుకొని, గుండెదాక నెట్టి, తానే నడచిపోయి ఎక్సురే తీయించుకొనెను. నాటి పెద్దలు మెచ్చలేదు. నోబెల్ బహుమానము 1956 లో వచ్చినది! 1953 లో స్వీడను దేశీయుడు సెల్డింగరు సూది, తీగె, గొట్టము అను మూటితో ధమనిలోనికి సులభమైన త్రోవ చూపెను. మరుసటియేడు బ్రీడిస్, యంగు అనువారు కాలేయపు పుండ్లు ముఖ్యముగా ధమనీరక్తముచేతనే పెరుగునని తెలిపిరి.

కీలకమంతయు నిందే యున్నది. కాలేయమునకు రెండు కాలువలు. రమారమి ముప్పాతికపాలు రక్తము ప్రేవులనుండి వచ్చు పెద్దసిర తెచ్చును. తక్కినది ధమని తెచ్చును. పుండు ధమనినే నమ్ముకొనియుండును. చెరువుక్రింది రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు: కలుపునకు పారు కాలువను మూసినను పైరు రెండవకాలువతో బ్రతుకును. 1970 వ దశకమునుండి ఫ్రాన్సు, జపాను వైద్యులు ధమనిని మూయసాగిరి. పిదప మందును గూడ అందే నింపిరి. తగినరోగుల నేరినచో ఆయువు పెరుగునని 2002 లో బార్సిలోనా, హాంకాంగు పరిశోధనలు చూపినవి.

రక్తమందనిచోట మాంసము చచ్చును. అందుచే జ్వరము, కుడిప్రక్క నొప్పి, వాంతి పలువురకు కలుగును. సాధారణముగ వారము పదిదినములలో పోవును. భయపడవలసిన జ్వరము వేరు. తగ్గి మరల వచ్చునది, చలితో వణికించునది, చచ్చినచోట చీముగడ్డ కట్టుటవలన కావచ్చును. పూర్వము పిత్తనాళమునకు శస్త్రచికిత్స జరిగినవారి కీ యపాయము మిక్కిలి హెచ్చు. కండ్లు పచ్చబడుట, కడుపున నీరుచేరుట, మాట తడబడి మగత క్రమ్ముట మిగిలిన కాలేయము క్రుంగుచున్నదనుటకు గుర్తులు. రెండవకాలువ ముందే పూడియున్న వారికిది ప్రాణాంతకమును కాగలదు. ఇట్టిచో జ్వరపుబిళ్ల మ్రింగి తెల్లవారువరకు వేచియుండరాదు.

తాండూరునుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఏదినమున ఏ ధమనిని మూసిరో, ఏ మందు నింపిరో వ్రాసియిచ్చిన కాగితము పెట్టెయడుగున గాక రోగి తలగడచెంత నుండవలెను. చికిత్స నెరుగని దగ్గరియూరి వైద్యుడు మొదట అడుగునది యదియే.