పాత లారీకి క్రొత్త ఇంజను

బండి బరువునకు ఎడ్లు చాలనప్పుడు రైతు బరువైనను తగ్గించును, లేదా మరియొక జత ఎడ్లను ముందు పూన్చును. కాని రెండవ జతను పూన్చుటకు ముందు కాడియు, నొగయు, ఇరుసును ఆ లాగుడునకు తట్టుకొనునా యని చూచుకొనును. మోటారు లారీ పుట్టిన నాటినుండి దాని యజమానులకును ఇదే చిక్కు ఎదురైనది. మోయవలసిన సరకు పెరిగినది, ఇంజను చాలలేదు, క్రొత్త లారీ కొనుటకు చేతిలో ధనము లేదు. అందుచే పాత చట్రము నట్లే యుంచుకొని, ఉన్న ఇంజనును బలపరచుటయో, దానిని దింపి మరియొకటి అమర్చుటయో చేయుచు వచ్చిరి. ఈ ప్రయత్నముల చరిత్రలో యంత్రశాస్త్రముతో పాటు, తక్కువ పెట్టుబడితో బ్రతుకు సాగించిన వారి కష్టసుఖములును కలవు.

ఫోర్డు ‘టీటీ’ లారీ

1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు సంస్థ ‘మోడల్ టీ’ అను కారును విడుదల చేసెను. అది చౌకయైనది, గట్టిది. రైతులును, చిల్లర వర్తకులును దాని వెనుక భాగమును కోసివైచి, చట్రమును పొడిగించి, సరకులు మోయుటకు వాడసాగిరి. ఈ మార్పునకు కావలసిన సామగ్రిని అమ్ము సంస్థలును బయలుదేరెను. తుదకు 1917లో ఫోర్డు సంస్థయే ‘మోడల్ టీటీ’ అను ఒక టన్ను లారీ చట్రమును అమ్మకమునకు పెట్టెను. కారులో ముందు వెనుక చక్రముల నడిమి దూరము 100 అంగుళములు కాగా, లారీలో 125 అంగుళములు. వెనుక ఇరుసు మిక్కిలి దృఢముగా చేయబడెను. ఇంజను మాత్రము కారుదే: నాలుగు సిలిండర్లు, 177 ఘనపుటంగుళముల పరిమాణము, 20 అశ్వశక్తులు.

కారునకు సరిపడిన ఇంజను టన్ను బరువును లాగుట యెట్లు? దానికి ఉపాయము ఇరుసులో నుండెను. కారులో ఇంజను సుమారు మూడున్నర మార్లు తిరిగినచో చక్రము ఒక్కమారు తిరుగును. లారీలో ఇంజను ఏడు మార్లకు పైగా తిరిగిన గాని చక్రము ఒక్కమారు తిరుగదు. గునపముతో బండను కదల్చువాడు పట్టు దూరముగా పట్టిన కొలది తక్కువ బలముతో పని సాగును గాని, చేయి ఎక్కువ దూరము నడవవలెను. అట్లే లారీలో చక్రముకడ లాగుడు రెట్టింపైనది. వేగము సగమునకు పడిపోయినది. చదును దారిలో గంటకు 20 మైళ్ళు పోవుటయే దానికి గొప్ప.

మిట్టదారి వచ్చినచో అవస్థ అధికమయ్యెడిది. ఆ బండికి ముందునకు పోవుటకు రెండే గేర్లుండెను. వానిలో పెద్దది మిట్టకు చాలదు, చిన్నది నత్తనడక. చిన్న గేరులో నున్నంతసేపును డ్రైవరు పెడలును కాలితో అదిమి పట్టియుండవలెను. పెట్రోలు తొట్టినుండి ఇంజనునకు నూనె పల్లముగా జారి రావలసినదే. దానిని తోడుటకు పంపు లేదు. అందువలన నిటారు దారులలో పెట్రోలు అందక, డ్రైవర్లు బండిని వెనుకకు త్రిప్పి, వెనుక గేరులో మిట్ట నెక్కించెడివారు.

మూడు మార్గములు

ఈ కొరతను తీర్చుటకు యజమానులు అనుసరించిన మార్గములు మూడు. మొదటిది ఇంజను తలను మార్చుట. ఎక్కువ ఒత్తిడి కలిగించు తలలును, వాల్వులు పైభాగమున నుండు తలలును అంగళ్ళలో దొరకెడివి. ప్రసిద్ధ పందెగాండ్రగు షెవ్రొలె సోదరుల ‘ఫ్రాంటెనాక్’ తలలు వీనిలో పేరుపొందినవి. వీనితో శక్తి పెరిగిన మాట నిజము. అయితే ఆ ఇంజనులోని క్రాంకు షాఫ్టు సన్ననిది; దానిని పట్టియుంచు బేరింగులు మూడే. కందెననూనెను త్రోయు పంపు లేదు. తిరుగు భాగములు చిమ్మిన నూనెయే బేరింగులకు ఆధారము. మిట్ట యెక్కునప్పుడు నూనె వెనుకకు పోయి, ముందరి బేరింగు ఎండిపోయెడిది. శక్తి అత్యవసరమైన చోటనే ఇంజనునకు ఆయువు తగ్గెడి దన్నమాట.

రెండవ మార్గము అదనపు గేరుపెట్టె నమర్చుట. ‘వార్‌ఫర్డ్’ గేరుపెట్టెలును, ‘రక్‌స్టెల్’ అను రెండు వేగముల ఇరుసులును ఇట్టివే. ఇవి ఇంజను శక్తిని పిసరంతయు పెంచవు. ఉన్న రెండు గేర్ల నడుమ గల పెద్ద అగాధమును పూరించి, ఉన్న శక్తిని దారికి తగినట్లు వాడుకొనుటకు వీలు కల్పించును. చాలమందికి ఇంజను మార్పుకంటె ఇదియే లాభకరముగా తోచినది.

ఇందులో ఒక ప్రాణాపాయము దాగియుండెను. మోడల్ టీ బండ్లలో కాలిబ్రేకు చక్రములను పట్టదు; ఇంజను వెనుకనున్న మొదటి గేరుపెట్టెలోని డ్రమ్మును పట్టును. అక్కడినుండి నిరోధము కడ్డీ ద్వారా వెనుక చక్రములకు చేరవలెను. ఆ నడుమ రెండవ గేరుపెట్టె నమర్చి, గేరు మార్చునప్పుడు అది ఏ గేరునకును పట్టక నడిమధ్య నిలిచినచో, బ్రేకునకును చక్రములకును సంబంధము తెగిపోవును. పల్లపుదారిలో బరువుతో దిగుచున్న లారీకి అట్టి క్షణమున కాలిబ్రేకు ఉండియు లేనిదే. వెనుక చక్రములను పట్టు చేతిబ్రేకు ఒక్కటియే మిగులును. నిండు బరువును ఆపుటకు అది చాలదు. కావున తెలిసిన పనివారు అదనపు గేరుపెట్టెతో పాటు చక్రములకు వేరు బ్రేకులను తప్పక బిగించెడివారు.

మూడవ మార్గము ఇంజనునే మార్చుట. ఫోర్డు సంస్థ 1927 చివర ‘మోడల్ ఏ’ కారును, దాని వెంట ‘ఏఏ’ లారీని తెచ్చినప్పుడు ఇంజను శక్తి 40 అశ్వశక్తులకు పెరిగినది. సంస్థ ఇంజనును రెట్టింపు చేసి ఊరకుండలేదు. కందెననూనెకు పంపు, క్రొత్త తరహా గేరుపెట్టె, నాలుగు చక్రములకును బ్రేకులు కలిపి ఇచ్చినది. బరువు పరిమితి ఒకటిన్నర టన్నులైనది. 1929లో షెవ్రొలె ఆరు సిలిండర్ల ఇంజనును 46 అశ్వశక్తులతో తెచ్చెను. 1932లో ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజను 65 అశ్వశక్తులతో వెలువడెను. క్రొత్త ఇంజనులను పాత చట్రములలో దింపిన పనివారు, తయారీదారు ఒక్కసారిగా మార్చిన వాని నన్నిటిని తామొక్కటొక్కటిగా మార్చుకొనవలసి వచ్చినది.

పెట్రోలునుండి డీజిలునకు

తరువాతి ఘట్టమున యజమానిని కదిలించినది వేగము కాదు, నూనె ఖర్చు. డీజిలు ఇంజను 1897 నాటికే జయప్రదముగా నడిచినను, అది చిరకాలము ఓడలకు, కర్మాగారములకు తగిన భారీ యంత్రముగానే యుండెను. 1932లో ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణమున ఫ్రాంక్ పెర్కిన్సు, చార్లెస్ చాప్‌మన్ అనువారు తేలికయై వడిగా తిరుగు డీజిలు ఇంజనులను చేయుటకు పూనుకొనిరి. 1937లో వారు ‘పీ6’ అను ఆరు సిలిండర్ల ఇంజనును ప్రకటించిరి. పెట్రోలు లారీల చట్రములలో ఇముడుట దాని విశేషము.

బెడ్‌ఫర్డ్ లారీని ఉదాహరణముగా తీసికొందము. దాని పెట్రోలు ఇంజను మూడున్నర లీటర్లది. నిమిషమునకు 3000 తిరుగుళ్ళలో 72 అశ్వశక్తుల నిచ్చును. పీ6 ఇంచుమించు 4.7 లీటర్లది, 2400 తిరుగుళ్ళలోనే 83 అశ్వశక్తుల నిచ్చును. లెక్క వేసినచో ఒక్కొక్క తిరుగుడులోని లాగుడు నూటికి నలుబది పాళ్ళకు పైగా హెచ్చినది. ఆ హెచ్చును క్లచ్చి, గేరుపెట్టె, ఇరుసు భరింపవలెను. తిరుగుళ్ళు అయిదింట నాలుగు వంతులే గనుక, ఇరుసులోని పండ్లచక్రములను మార్చనిచో లారీ గరిష్ఠవేగము ఆ మేరకు తగ్గును. డీజిలు ఇంజనులో గాలి పదునారు రెట్లకు పైగా నొక్కబడును. అందుచే దాని గోడలు దళసరివి, బరువు అధికము. ముందరి కమానుకట్టలను బలపరుపవలెను. చలి యుదయమున దానిని త్రిప్పుటకు పెద్ద బ్యాటరీలు కావలెను. ఇన్ని మార్చినను యజమాని సంతోషించెను. ఏలయన అదే దూరమునకు నూనె తక్కువ పట్టెను.

మన దేశమున

భారతదేశమున ఫోర్డు సంస్థ 1926లోను, జనరల్ మోటార్సు 1928లోను అడుగుపెట్టినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కొరత ఏర్పడగా బస్సులకు, లారీలకు వెనుక బొగ్గుగ్యాసు పొయ్యిలు బిగింపబడెను. ఆ గ్యాసులో సగపాలు మండని నత్రజనియే. అందువలన ఇంజను శక్తి మూడవ వంతునుండి సగము వరకు తగ్గెడిది. చాలీచాలని శక్తి యెట్టిదో ఆ తరము ప్రయాణికులు మిట్ట మిట్టకును దిగి నడచి తెలిసికొనిరి.

యుద్ధానంతరము సైన్యము అమ్మివైచిన పెట్రోలు లారీలు చౌకగా చేతికి వచ్చినవి. వానిని పోషించుట మాత్రము చౌక కాదు. 1950ల ఆరంభమున మద్రాసులోని సింప్సన్ కంపెనీ పెర్కిన్సు ఇంజనులను మన దేశముననే తయారు చేయసాగెను. బొంబాయి ప్రీమియర్ ఆటోమొబైల్సు వారి డాడ్జి, ఫార్గో లారీలలో ఈ పీ6 ఇంజనులే అమరినవి. 1953 అక్టోబరు 1 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే గనుక, గుంటూరు పొగాకు, డెల్టా ధాన్యము మోయు లారీవారికి ఆ నగరము పరాయిది కాదు. 1954లో టాటా సంస్థ మెర్సిడెస్-బెంజి సహకారముతో డీజిలు లారీలను చేయ మొదలిడెను. అటుపిమ్మట డీజిలు లారీ సామాన్యమై, పెట్రోలు ఇంజనును దింపి డీజిలును ఎక్కించు పని క్రమముగా సన్నగిల్లెను.

ముగింపు

నేడు ఇట్టి మార్పు యజమాని ఇచ్ఛకు విడిచిపెట్టబడలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును బట్టి, నమోదు పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. వేరొక ఇంధనమునకు, విద్యుత్తునకు సైతము, మార్చుకొనుటకు నియమములకు లోబడి వీలు కలదు. ఈ కట్టడి కొందరికి విసుగు పుట్టింపవచ్చును. కాని రెండు గేరుపెట్టెల నడుమ బ్రేకు లేక జారిన టీటీ లారీని తలచుకొన్నచో దాని అవసరము బోధపడును. పాత ఇంజను తీసి బ్యాటరీలను, విద్యుత్ మోటారును అమర్చువారికిని అదే ప్రశ్న ఎదురగుచున్నది: ఈ క్రొత్త బరువును చట్రము మోయునా? ఈ క్రొత్త లాగుడును ఇరుసు భరించునా? నిండు సరకుతో పల్లము దిగునప్పుడు బ్రేకు ఆపునా? ఈ మూడింటికిని అవునని చెప్పగలిగిన తరువాతనే ఇంజను మాట ఎత్తుట మేలు.