ప్రశాంత తీరం వెనుక చరిత్ర

కరీబియన్ సముద్రంలో గ్రెనడా దేశానికి చెందిన చిన్న దీవి కరియకూ. వైశాల్యం సుమారు 34 చదరపు కిలోమీటర్లు. దాని ఈశాన్య తీరాన విండ్‌వర్డ్ అనే పల్లె ఉంది. ఒడ్డున సగం కట్టిన పడవ, నీడన ఆరుతున్న కలప, దూరంగా బాడిస చప్పుడు. చూడవచ్చిన యాత్రికుడు 'ఎంత ప్రశాంతం!' అంటాడు. ఈ మాటను సాహిత్య విద్యార్థులు యథాతథంగా స్వీకరించకూడదు.

ఈ దీవిని మొదట ఫ్రెంచివారు, 1763 నుంచి బ్రిటిష్‌వారు ఏలారు. ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసల చేత పత్తి, చెరకు పండించారు. 1834లో బానిసత్వం చట్టరీత్యా రద్దయినా, 'అప్రెంటిస్' పేరుతో వెట్టి మరో నాలుగేళ్ళు సాగింది. నష్టపరిహారం ముట్టింది యజమానులకే. శ్రమించినవారికి దక్కింది శూన్యం.

తోటల్లో బతుకు లేని జనం సముద్రం వైపు తిరిగారు. 19వ శతాబ్దంలో విండ్‌వర్డ్‌లో స్థిరపడిన స్కాట్లండ్ వడ్రంగుల విద్య క్రమంగా దీవి ప్రజల సొత్తయింది. కాగితం మీద నక్షా ఉండదు, కంటి కొలతే ఆధారం. తెల్ల సెడార్ చెట్టు సహజమైన వంపులే పడవకు పక్కటెముకలవుతాయి. ఆ పడవలు దీవుల మధ్య సరుకులు చేరవేశాయి. పని వెతుక్కుంటూ పోయే మనుషులను మోశాయి. తాతలను సరుకుగా తెచ్చింది పరాయివాడి ఓడ. మనవలు తమ ఓడ తామే కట్టుకున్నారు. ఈ తీరం చరిత్రలో కీలకమైన మలుపు ఇదే.

పడవను నీటిలోకి దించే రోజు ఊరంతటికీ పండుగ. మేకనో గొర్రెనో బలి ఇస్తారు. ఆనించిన గుంజలు నరికి, అందరూ తాళ్ళు పట్టి లాగుతారు. ఈ దీవిలోని 'బిగ్ డ్రమ్' నృత్యాల్లో క్రొమాంటీ, ఇబో, మాండింగ్ వంటి ఆఫ్రికన్ జాతుల పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. బానిస వ్యాపారం మనుషుల పేర్లు మార్చింది గాని జాతుల జ్ఞాపకాన్ని తుడిచివేయలేకపోయింది.

పాల్ మార్షల్ 1983లో ప్రచురించిన 'ప్రెయిజ్‌సాంగ్ ఫర్ ది విడో' నవలకు ప్రాణం ఈ జ్ఞాపకమే. అమెరికాలో కలిమి సంపాదించిన నల్లజాతి వితంతువు విలాస నౌకను మధ్యలోనే విడిచి, పడవెక్కి కరియకూ చేరుతుంది. అక్కడి నృత్యంలో తన మూలాలను గుర్తిస్తుంది. యాత్రికురాలి చూపు బంధువు చూపుగా మారడమే ఆ నవల సాధించిన విజయం.

ఇక్కడి పడవల నిర్మాణాన్ని 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి సంవత్సరమే, 2024 జూలై 1న, బెరిల్ తుపాను దీవిలోని ఇళ్ళలో అత్యధిక భాగాన్ని ధ్వంసం చేసింది. జాబితాలో పేరు విద్యకు గౌరవం తెస్తుంది. ఆ విద్య బతకాలంటే మాత్రం వడ్రంగికి ఇల్లుండాలి, కలప దొరకాలి, నేర్చుకునే కుర్రవాడు ఊళ్ళో నిలవాలి.

తీరాన్ని వర్ణించే రచయిత అలల కంటే ముందు ఆ చేతులను చూడాలి.